బాబు కోసం ఉద్యోగం మానేయాలా? నా నడుము కూడా పోయేలా ఉంది, సలహా చెప్పండి

మల్లెపందిరి (ఖమ్మం)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. మా బాబుకు ఏడేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ (సీపీ). కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయి ఉంటాయి, ఆసరా లేకుండా కూర్చోలేడు. మాటలు రావు గానీ మనం చెప్పేదంతా అర్థమవుతుంది. వాళ్ళక్క స్కూలు నుంచి వచ్చే టైమ్‌కి తలుపు వైపే చూస్తుంటాడు. ఇప్పుడు 18 కిలోలు ఉన్నాడు.

నేను ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ బ్రాంచిలో అకౌంట్స్ చూస్తాను, జీతం 26 వేలు. మా ఆయన మెడికల్ రెప్. కొత్తగూడెం, సత్తుపల్లి, మధిర తిరిగి రాత్రి ఎప్పుడో ఇంటికొస్తారు. పగలు బాబు దగ్గర మా అత్తమ్మ ఉంటారు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. పొద్దున నేను ఐదింటికి లేచి బాబుకు స్నానం చేయించి, జావ పట్టి, డైపర్ మార్చి, ఆఫీసుకు పరిగెడతాను. జావ పట్టడానికే ముప్పావు గంట. పొలమారుతుందని తొందరపెట్టలేం.

ఈమధ్య నడుము నొప్పి ఎక్కువై కుడి కాలు తిమ్మిరెక్కుతోంది. ఎమ్మారై తీస్తే ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు జరిగిందన్నారు. డాక్టరు గారు బరువులు ఎత్తొద్దన్నారు. బాబును ఎత్తకుండా ఎట్లా సార్ అంటే, మనిషిని పెట్టుకోండి అన్నారు. ఇటు ఆఫీసులో సెలవులు అయిపోయాయి, మేనేజర్ ఏదో ఒకటి తేల్చుకోమంటున్నారు.

చుట్టాలంతా ఒకటే మాట, మానేయమని. మానేస్తే ఇంటి ఈఎంఐ కట్టలేం. మా నలుగురి హెల్త్ ఇన్సూరెన్స్ కూడా నా కంపెనీదే. అదీగాక ఇంట్లో ఉంటే బాబును ఇంకా ఎక్కువసార్లు ఎత్తాలి కదా, అప్పుడు నడుము ఎట్లా బాగవుతుంది? నాకైతే ఏమీ తోచట్లేదు. మీలో ఇది దాటినవాళ్ళు చెప్పండి.

గోదారిగట్టు (రాజమండ్రి)

అమ్మా, తల్లి చూసుకున్నట్టు ఇంకెవరు చూసుకుంటారు? డబ్బుదేముంది, ఇవాళ కాకపోతే రేపు వస్తుంది. మానేసి బాబు దగ్గర ఉండండి. నా మాట విని చూడండి.

బోయినపల్లి అమ్మ (సికింద్రాబాద్)

బాబాయి గారూ, మీరు ప్రేమగానే అన్నారు. కానీ డబ్బుదేముంది అనకండి. ఈ పిల్లల ఇళ్ళల్లో డబ్బంటే ఫిజియో, స్పీచ్, డైపర్లు, ఫిట్స్ మందులు. అవి ఒక నెల ఆగితే పిల్లాడి ఒంట్లో తేడా తెలిసిపోతుంది.

మల్లెపందిరి, నా వయసు 55. మా అబ్బాయికి 24, ఆటిజం. వాడికి ఐదేళ్ళప్పుడు నేను స్కూల్లో ఉద్యోగం మానేశాను. అప్పుడు అదే సరైనది, వాడు రోడ్డు మీదికి పరిగెత్తేవాడు, రాత్రుళ్ళు నిద్రపోయేవాడు కాదు. ఆ నిర్ణయం గురించి నాకు బాధ లేదు. కానీ మానేసిన మర్నాటి నుంచి ఇంట్లో ఒక లెక్క మారిపోయింది. "నువ్వు ఇంట్లోనేగా ఉంటావు" అనే మాట మొదలైంది. బ్యాంకు పని, అత్తగారి మందులు, ఆడపడుచు పిల్లల పరీక్షలు అన్నీ నా మీదకే వచ్చాయి. బాబు కోసం మానేసిన ఉద్యోగం ఊరందరికీ ఉపయోగపడింది, ఒక్క నాకు తప్ప.

గర్భసంచిలో గడ్డలున్నాయని చెప్పినా ఆపరేషన్ వాయిదా వేస్తూ పోయాను. నేను ఆసుపత్రిలో ఉంటే వాడికి అన్నం ఎవరు పెడతారని. హిమోగ్లోబిన్ 6కి పడిపోయి, మెట్ల మీద కళ్ళు తిరిగి పడ్డాక రక్తం ఎక్కించి అప్పుడు చేశారు. ఆ పదిరోజులూ మావారు సెలవు పెట్టి వాడిని చూసుకున్నారు. వాడు ఆయన చేత్తో తిన్నాడు! అమ్మ పెడితేనే తింటాడని ఇంట్లో అందరం గట్టిగా నమ్మేవాళ్ళం.

మానేయాలా వద్దా అనేది తర్వాత. ముందు మీ నడుముకు వైద్యం, బాబుకు రెండో మనిషి. ఈ రెండూ తేల్చుకోండి.

సముద్రపు గాలి (శ్రీకాకుళం)

నేను గవర్నమెంట్ టీచర్ని, మా పాపకు మేధోవైకల్యం. చైల్డ్ కేర్ లీవ్ గురించి ఇక్కడ చాలామందికి సందేహాలున్నాయి, తెలిసింది రాస్తాను. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 730 రోజులు. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 365కి 80 శాతం. మామూలుగా పిల్లలకు 18 ఏళ్ళ వరకే, వైకల్యం ఉన్న పిల్లలకు వయసు పరిమితి లేదు. భార్య లేని తండ్రులకు కూడా ఉంది. మన రాష్ట్రాల్లో తక్కువ. తెలంగాణలో 90 రోజులు, ఆంధ్రలో 60 ఉండేది, 2022లో 180 చేశారు.

2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో ఒక కేసు వచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ కాలేజీ అసిస్టెంట్ ప్రొఫెసర్, వాళ్ళబ్బాయికి ఎముకలు ఊరికే విరిగిపోయే జబ్బు. వైద్యం కోసం తిరిగి తిరిగి ఆవిడ సెలవులన్నీ అయిపోయాయి. ఆ రాష్ట్రంలో చైల్డ్ కేర్ లీవ్ లేదన్నారు. జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ పార్దీవాలా బెంచి ఏమందంటే, ఉద్యోగాల్లో ఆడవాళ్ళు ఉండగలగడం రాజ్యాంగపరమైన విషయం, ఈ సెలవు లేకపోతే తల్లి ఉద్యోగం వదులుకోవాల్సి వస్తుంది, దయతో ఇచ్చేది కాదిది అని. ఆ తీర్పు గురించి పేపర్లో చదివి మా స్టాఫ్ రూములో అందరికీ చూపించాను. అంతకుముందు నేను సెలవు అడిగితే ఏదో మేలు చేస్తున్నట్టు చూసేవారు.

బదిలీలది కూడా చెప్తాను. వైకల్యం ఉన్న పిల్లలను చూసుకునే కేంద్ర ఉద్యోగులను మామూలు రొటేషన్ బదిలీల నుంచి మినహాయించాలని 2014లోనే ఉత్తర్వు ఉంది. మన రాష్ట్రాల్లో బదిలీల గైడ్‌లైన్స్ వచ్చినప్పుడల్లా మానసిక వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ప్రాధాన్యం అని ఒక లైను ఉంటుంది, సర్టిఫికెట్ పెట్టుకోండి.

మల్లెపందిరి గారిది ప్రైవేటు ఉద్యోగం, ఇవేవీ వర్తించవు. నాకు చాలా బాధగా ఉంటుంది. పిల్లాడి జబ్బుకు ప్రభుత్వం, ప్రైవేటు అని తేడా ఉండదు కదా.

కదలిక ఫిజియో (మహబూబ్‌నగర్)

నేను పిల్లల ఫిజియోథెరపిస్టుని. మేడమ్, ముందుగా ఒక మాట. కాలు తిమ్మిరితో పాటు కాల్లో బలం తగ్గినా, పాదం లేపలేకపోయినా, మూత్రం దగ్గర తేడా అనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. అది లేదనుకుని మిగతాది రాస్తున్నాను.

బాబును ఎక్కడి నుంచి ఎత్తుతున్నారు? చాలా ఇళ్ళల్లో కింద చాప మీద, బొంత మీద పడుకోబెడతారు, పడిపోతాడని భయం. నేల మీద నుంచి ఎత్తడమే మీ నడుముకు అన్నిటికన్నా చేటు. ఒక మంచం తీసుకుని, ఇటుకలు పెట్టడం కాకుండా వడ్రంగితో గట్టిగా కాళ్ళు వేయించి, మీ నడుము ఎత్తుకు తెప్పించండి. మూడు పక్కలా కటకటాలు, నాలుగో పక్క దించుకునేలా. డైపర్, బట్టలు, మాలిష్ అన్నీ దాని మీదే. వంగే పని సగానికి సగం పోతుంది.

ఎత్తే పద్ధతి. చటుక్కున ఎత్తకండి. బిగుతు ఉన్న పిల్లలు ఉలిక్కిపడితే వెనక్కి విల్లులా వంగిపోతారు, అప్పుడు 18 కిలోలు 30 కిలోల్లా లాగుతుంది. ముందు చెప్పండి, "నాన్నా, ఎత్తుకుంటున్నా" అని. ఒక క్షణం ఆగండి. తర్వాత మోకాళ్ళు రెండూ మెల్లగా పొట్ట వైపుకు మడవండి. మడిస్తే బిగుతు సడలుతుంది, ఒళ్ళంతా ముద్దలా దగ్గరకొస్తుంది. ఒక పక్కకు తిప్పి, మీ ఒక చెయ్యి తొడల కింద, ఇంకో చెయ్యి భుజాల వెనక. మీ గుండెకు ఆనించుకుని, మీ మోకాళ్ళ బలంతో లేవండి. తిరగాలంటే పాదాలు తిప్పి తిరగండి, నడుము మెలి తిప్పకండి. బరువుతో మెలి తిరిగితే డిస్కుకు చేటు.

ఇప్పుడు మీకున్న పరిస్థితిలో ఇది కూడా ఒంటరిగా చేయొద్దు. ఇద్దరు ఎత్తాలి. దళసరి దుప్పటి కింద పరిచి ఇద్దరూ చెరో వైపు పట్టుకుంటే మంచం నుంచి కుర్చీలోకి సులువుగా జరపొచ్చు. అత్తమ్మ గారితో మాత్రం ఎత్తించకండి, ఇద్దరూ పడతారు. నడుముకు బెల్టు పెట్టుకున్నాం కదా అని ధైర్యంగా ఎత్తేవాళ్ళున్నారు, బెల్టు దానికి కాదు.

స్నానానికి వెనక్కి వాలి ఉండే ప్లాస్టిక్ కుర్చీ, ఛాతీకి ఒక మెత్తని పట్టీ. సీపీ కుర్చీ, దివ్యాంగులకు పరికరాలిచ్చే ప్రభుత్వ ఏడిప్ పథకం క్యాంపుల్లో ఆదాయాన్ని బట్టి ఉచితంగా ఇస్తారు, ఆ పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఎలిమ్కో వాళ్ళు కొలతలు తీసుకుంటారు. బాబు నిటారుగా కూర్చుంటే తిండి కూడా త్వరగా దిగుతుంది, పొలమారడం తగ్గుతుంది. మీ పొద్దుటి ముప్పావు గంటలో కొంత అక్కడే మిగులుతుంది.

మల్లెపందిరి (ఖమ్మం)

సార్, చేతులెత్తి దండం పెడుతున్నా. కింద చాప మీదే పడుకోబెడుతున్నాం. ఏడేళ్ళలో ఎన్ని ఆసుపత్రులకు తిరిగామో, బాబుకు ఏం చేయాలో చెప్పారు గానీ నేనెట్లా వంగాలో ఒక్కరూ చెప్పలేదు. కాల్లో బలం బాగానే ఉంది, తిమ్మిరే.

నైట్ షిఫ్ట్ నాన్న (పరవాడ)

తండ్రుల తరఫున రాస్తున్నాను, ఇక్కడ మగవాళ్ళు పెద్దగా రాయరు. మా పాపకు తొమ్మిదేళ్ళు, సీపీతో పాటు ఫిట్స్. నేను మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. పగలు పాపను థెరపీకి తీసుకెళ్ళడం కోసం పర్మినెంట్‌గా నైట్ షిఫ్ట్ అడిగి వేయించుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు. రాత్రి పని, పొద్దున థెరపీ, మధ్యాహ్నం రెండు గంటల నిద్ర, సాయంత్రం మళ్ళీ కూరగాయలు, మందులు. నాలుగేళ్ళు అట్లా నడిచింది. 38 ఏళ్ళకే బీపీ, షుగర్ రెండూ వచ్చాయి. ఒక తెల్లవారుజామున బైకు మీద నిద్ర పట్టేసి డివైడర్ ఎక్కాను. హెల్మెట్ ఉంది కాబట్టి బతికాను.

అప్పుడు మా ఆవిడ సర్టిఫికెట్లు పట్టుకుని నాతో పాటు హెచ్ఆర్ దగ్గరికి వచ్చింది. పాప జబ్బు ఏంటో, వారంలో ఏ రోజు ఏ టైమ్‌కి థెరపీయో కాగితం మీద రాసి ఇచ్చాం. జనరల్ షిఫ్ట్‌కి మార్చారు, వారంలో ఒక రోజు రెండు గంటలు ముందు వెళ్ళనిస్తున్నారు, ఆ గంటలు శనివారం పూడ్చాలి. అడిగినది అంతే. అందరి కంపెనీలూ ఇట్లా ఉండవని తెలుసు, కానీ నోటితో బాధ చెప్తే జాలిపడి ఊరుకుంటారు, కాగితం మీద టైమ్‌లు రాసిస్తే జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఇంట్లో రాత్రి డ్యూటీ కూడా పంచుకున్నాం. ఒంటిగంట దాకా తను, ఆ తర్వాత నేను. ఎవరి వంతు కానప్పుడు వాళ్ళు వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి. తలుపు వేయకపోతే ఇద్దరూ మేలుకునే ఉంటారు, పంచుకున్నట్టే ఉండదు.

మల్లెపందిరి గారూ, మీ పోస్టులో మీ ఆయన రాత్రి వస్తారని మాత్రమే ఉంది. ఆయన్ను తప్పుపట్టట్లేదు, రెప్ ఉద్యోగంలో టార్గెట్ల టెన్షన్ నాకు తెలుసు. ఈ చర్చ ఆయనకు చూపించండి. మీరు మానేయాలా అని అందరూ అడుగుతున్నారు గానీ, ఆయన రూటు మార్చుకోగలరా అని ఎవరైనా అడిగారా?

పసుపుకొమ్ము (నిజామాబాద్)

నేను మానేశాను, మానడం తప్పు కాదని కూడా చెప్పాలి. మా వాడికి పసితనంలో వెస్ట్ సిండ్రోమ్ అనే తీవ్రమైన ఫిట్స్ జబ్బు, రోజుకు ఎన్నిసార్లు ఫిట్స్ వచ్చేవో. ఇంజెక్షన్లు, ఐసీయూలు. అప్పుడు ఆఫీసులో కూర్చుని లెజర్ చూడటం నా వల్ల కాలేదు. ఉద్యోగం వదలొద్దు అని ఇక్కడ అందరూ గట్టిగా అంటుంటే, వదిలేసిన తల్లులకు మనసు కష్టమవుతుంది. కొన్నిసార్లు దారి ఉండదు.

అయితే మానేటప్పుడు ఎవరూ చెప్పని సంగతులు. పీఎఫ్ డబ్బు వెంటనే తీసి ఖర్చుపెట్టేయకండి. ఇన్సూరెన్స్ పోతుంది కాబట్టి ముందే వేరేది చూసుకోండి. పిల్లాడికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ అనే హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు. ముందే జబ్బు ఉందని తిరగ్గొట్టరు, ముందస్తు పరీక్షలు అడగరు. థెరపీలకు, ఓపీ ఖర్చులకు కూడా ఒక పరిమితి వరకు ఇస్తారు. బిల్లులన్నీ దాచుకోవాలి, రెన్యువల్ తేదీ మర్చిపోవద్దు.

పాత పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్ళయితే 80డీడీ కింద 75 వేలు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే లక్షా 25 వేలు మినహాయింపు. ఖర్చెంత అయ్యిందని చూడరు, సర్టిఫికెట్ ఉంటే మొత్తం వస్తుంది. కొత్త పద్ధతిలో లేదు, అందుకే ఏది లాభమో లెక్క వేసుకోండి.

ఓరుగల్లు డాక్టర్ (వరంగల్, జనరల్ మెడిసిన్)

ఓపీలో ఈ తల్లులను గుర్తుపట్టడం కష్టం కాదు. పిల్లాడి ఫైలు ప్లాస్టిక్ కవర్లో నీట్‌గా ఉంటుంది. తన రిపోర్టు ఒక్కటీ ఉండదు. బీపీ ఎప్పుడు చూపించుకున్నారమ్మా అంటే కాన్పు అప్పుడు అంటారు.

2004లో అమెరికాలో ఎలిసా ఎపెల్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ ఒక పరిశోధన చేశారు. బ్లాక్‌బర్న్‌కు 2009లో నోబెల్ వచ్చింది. దీర్ఘకాల జబ్బు ఉన్న పిల్లల తల్లులను, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లులను కలిపి 58 మందిని చూశారు. కణాల్లో క్రోమోజోముల చివర టెలోమియర్లు అని ఉంటాయి, వయసుతో పాటు పొట్టిగా అవుతాయి. పిల్లల్ని ఎన్ని ఎక్కువ ఏళ్ళు చూసుకుంటే ఆ తల్లుల్లో అవి అంత పొట్టిగా ఉన్నాయి. ఎక్కువ ఒత్తిడి ఉందన్నవారికీ, తక్కువ అన్నవారికీ మధ్య తేడా కనీసం పదేళ్ళ వయసుతో సమానం. చిన్న పరిశోధనే, దాని మీద భయం పెట్టుకోవద్దు. కానీ "నీరసం అంతా నీ మనసులోనే" అనే బంధువులకు ఇది చెప్పండి. అలసట ఒంట్లోనే ఉంది.

ఏడాదికోసారి బీపీ, షుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్. బాబును ఏ రోజు చెకప్‌కు తీసుకెళ్తారో అదే రోజు మీది కూడా. వేరే రోజు అనుకుంటే ఆ రోజు రాదు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఇష్టం లేకపోయినా, నేను లేకపోతే బాగుండు అనిపించినా దాన్ని ఓర్పుతో నెట్టుకు రావొద్దు, అది డిప్రెషన్ కావచ్చు, మందు ఉంది. టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఉచితం. తండ్రులకూ ఇదే మాట. వాళ్ళు డిప్రెషన్ అని చెప్పరు, కోపం అని చెప్తారు, లేదంటే తాగుతారు.

ఫ్రీమాంట్ నాన్న (కాలిఫోర్నియా)

ఇక్కడ ఎలా ఉంటుందో రాస్తాను, అమెరికాలో అంతా బాగుంటుందనే అభిప్రాయం ఉంది కాబట్టి. జీతంతో సెలవు కేంద్ర చట్టంలో లేదు. 1993 నాటి ఎఫ్ఎంఎల్ఏ (కుటుంబ, వైద్య సెలవుల చట్టం) కింద 12 వారాలు జీతం లేని సెలవు, అదీ కంపెనీలో కనీసం 50 మంది ఉంటేనే. కానీ దాన్ని ముక్కలు ముక్కలుగా, గంటల లెక్కన వాడుకోవచ్చు, థెరపీ ఉన్న మధ్యాహ్నాలకు నేను అలాగే వాడుతున్నాను. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళ కష్టం వేరు. ఉద్యోగం పోతే వీసా, ఇన్సూరెన్స్ రెండూ పోతాయి, అమ్మానాన్నలు పక్కన ఉండరు, చూసుకునే ఒక్క మనిషి లేకపోతే ఇల్లంతా ఆగిపోతుంది.

మా రాష్ట్రంలో బాగున్నది ఇలాంటి పిల్లలకు, పెద్దలకు సేవలు ఏర్పాటుచేసే రీజినల్ సెంటర్లు. 1969 చట్టంతో రాష్ట్రమంతటా విస్తరించాయి, ఇప్పుడు 21 ఉన్నాయి. నెలకు కొన్ని గంటలు రెస్పైట్ అని ఇస్తారు. శిక్షణ ఉన్న మనిషి ఇంటికొచ్చి బాబును చూసుకుంటారు, ఆ గంటల్లో తల్లిదండ్రులు ఏం చేసుకున్నా సరే. మొదటిసారి ఆ మనిషి వచ్చినప్పుడు మా ఆవిడ పక్క గదిలోనే కూర్చుంది, బయటకు వెళ్ళడానికి ధైర్యం చాలక. ఇప్పుడు ఆ టైములో తన డెంటిస్ట్ అపాయింట్‌మెంట్, వాకింగ్.

మనకు అక్కడ అలాంటిది ఏమైనా ఉందా?

బోయినపల్లి అమ్మ (సికింద్రాబాద్)

చట్టంలో ఉంది బాబూ, గుమ్మం దాకా రాలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో ఎక్కువ సహాయం అవసరమైన వారికి సంరక్షకుల భత్యం అని రాసి ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం అని మంచం పట్టినవారిని చూసుకునేవారికి నెలకు 600 ఇస్తారు. చిన్న మొత్తమే, కానీ చూసుకునే మనిషి పేరు మీద ఇస్తారు. ఆ సంగతి నాకు గొప్పగా అనిపిస్తుంది. మన దగ్గర పింఛన్ పిల్లల పేరు మీదే. తెలంగాణలో దివ్యాంగులకు 4,016, ఆంధ్రలో 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైతే 15,000. ఆదాయం నిబంధనలున్నాయి.

నేషనల్ ట్రస్ట్‌లో పిల్లల్ని కొద్దికాలం ఉంచే సమర్థ్, సంరక్షకులకు శిక్షణ ఇచ్చే సహయోగి అనే పథకాలున్నాయి. మా బోయినపల్లిలో మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి ఉన్న కేంద్ర సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు, అక్కడ తల్లిదండ్రులకు కూడా నేర్పుతారు. నాకు అక్కడ దొరికిన పెద్ద మేలు ఇంకొకటుంది. వరండాలో కూర్చున్న తల్లులు. మేం ఐదుగురం కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాం. శనివారం మధ్యాహ్నం ఒకరింట్లో అందరి పిల్లలూ, ఇద్దరు తల్లులు కాపలా, ముగ్గురికి సెలవు. వచ్చే వారం ఇంకొకరింట్లో. ఆ శనివారాలు లేకపోతే నేను ఇవాళ ఇట్లా మాట్లాడేదాన్ని కాదు.

పిల్లలకు 18 దాటితే కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ దగ్గర గార్డియన్‌షిప్ తీసుకోవాలి, అది కూడా ఒక చెవిన వేసుకోండి.

గోదారిగట్టు (రాజమండ్రి)

అమ్మా, అందరివీ చదివాను. నా మనవరాలికి ఆటిజం. నా కూతురు ఉద్యోగం మానేసి విజయవాడలో ఇంట్లోనే ఉంటోంది. నేను ఫోన్ చేసినప్పుడల్లా పాప ఎలా ఉందనే అడుగుతాను. రిటైరై ఖాళీగానే ఉన్నాను. నావల్ల అయ్యేది ఏమిటో చెప్పండి.

పసుపుకొమ్ము (నిజామాబాద్)

బాబాయ్, మీ అమ్మాయిని "నీకు ఎలా ఉంది" అని అడగండి, జవాబు వచ్చేదాకా ఫోన్ పెట్టకండి. తర్వాత నెలకు ఒక వారం అక్కడికి వెళ్ళండి. మొదటి రెండు రోజులు పక్కన కూర్చుని పాప ఏం తింటుంది, దేనికి భయపడుతుంది, ఏడిస్తే ఎట్లా ఊరుకుంటుంది చూసి నేర్చుకోండి. మూడో రోజు నుంచి మీ అమ్మాయిని బయటకు పంపండి. వంట చేయమని మాత్రం అడగకండి ఆ వారం.

గోదారిగట్టు (రాజమండ్రి)

రేపే టికెట్ తీస్తాను తల్లీ.

మల్లెపందిరి (ఖమ్మం)

కొంచెం గ్యాప్ తర్వాత రాస్తున్నాను. మా ఆయన ఇదంతా చదివారు. ఒక రాత్రంతా ఏమీ మాట్లాడలేదు. మర్నాడు వాళ్ళ ఏరియా మేనేజర్‌తో మాట్లాడి సత్తుపల్లి, మధిర రూట్లు వేరే అతనికి ఇచ్చి ఖమ్మం టౌన్ అడిగారు. ఇన్సెంటివ్ తగ్గుతుంది. కానీ పొద్దున తొమ్మిదిన్నర దాకా ఇంట్లో ఉంటారు, స్నానం, ఎత్తడం ఇద్దరం కలిసి చేస్తున్నాం. మంచం వడ్రంగికి చెప్పాం. నేను నైట్ షిఫ్ట్ నాన్న గారు చెప్పినట్టు టైమ్‌లు కాగితం మీద రాసి మేనేజర్‌కి ఇచ్చాను. ఆయన పైకి పంపారు. మూడు నెలలు వారంలో రెండు రోజులు ఇంటి నుంచి చేయమన్నారు, తర్వాత చూద్దామన్నారు. తర్వాత ఏమంటారో తెలియదు. ప్రస్తుతానికి రాజీనామా ఇవ్వలేదు.

ఇంకొకటి అడగాలి. పాపకు పదకొండేళ్ళు. నేను లేనప్పుడు తమ్ముణ్ణి తనే ఎత్తి కూర్చోబెడుతోందని నిన్న తెలిసింది. అత్తమ్మ చెప్పింది, పిల్ల చాలా బాధ్యత గలది అని మురిసిపోతూ. నాకు మాత్రం గుండె ఝల్లుమంది.

కదలిక ఫిజియో (మహబూబ్‌నగర్)

వెంటనే ఆపించండి మేడమ్. ఎదిగే వయసు, వెన్ను మీద బరువు పడకూడదు, ఇద్దరూ కింద పడితే ఇంకా ప్రమాదం. కోప్పడకుండా చెప్పండి, తను మంచి పని అనుకునే చేస్తోంది. తమ్ముడికి బొమ్మల పుస్తకం చదివి వినిపించడం, కావాల్సింది కళ్ళతో చూపించమని అడిగి ఆడటం, అట్లాంటివి ఇవ్వండి. మధ్యాహ్నం ఎత్తాల్సిన అవసరం రాకుండా మీ ఆయన భోజనానికి వచ్చినప్పుడే బాబును కుర్చీలోకి మార్చేలా టైమ్ కుదుర్చుకోండి.

సముద్రపు గాలి (శ్రీకాకుళం)

పాప చదువు కూడా చూసుకోండి. ఇలాంటి ఇళ్ళల్లో పెద్దపిల్లలు మార్కులు తగ్గినా చెప్పరు, అమ్మకు ఇంకో టెన్షన్ ఎందుకని. నా క్లాసులోనే అలాంటి పిల్ల ఉంది. వారంలో ఒక గంట మీరిద్దరే, తమ్ముడి మాట లేకుండా.

మల్లెపందిరి (ఖమ్మం)

అలాగే మేడమ్. బాబుకు వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఉంది, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు రావాలి. ప్రైవేటు ఫిజియోకు నెలనెలా కట్టలేకపోతున్నాం, ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత సెంటర్లో ఉచితమని విన్నాను. ఎవరిని అడగాలి?

కదలిక ఫిజియో (మహబూబ్‌నగర్)

మీ మండల విద్యా వనరుల కేంద్రానికి వెళ్ళి ఇలాంటి పిల్లలకు చెప్పే ఐఈఆర్పీ టీచర్ ఎవరో కనుక్కోండి. ఫిజియో వారంలో ఏ రోజు వస్తారో వాళ్ళే చెప్తారు. బాబు బడికి రాలేని పరిస్థితి అని రాయిస్తే ఇంటి దగ్గర చదువు చెప్పే ఏర్పాటు కూడా ఉంటుంది, రెండూ ఒకేసారి అడగండి. సదరం, ఆధార్ జిరాక్సులు, బాబు ఫొటోలు తీసుకెళ్ళండి. మీ ఆయన్ను కూడా వెంట రమ్మనండి, వ్యాయామాలు చూపించేటప్పుడు ఇద్దరూ చూస్తే మంచిది.